ఉత్తరం పైన

కోస్గి,
29 జూన్ 2025, ఆదివారం

తాతా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు, "మంచిది" అంటావు, ఆ తర్వాత ఫోన్ తీసుకెళ్లి మల్లమ్మ ఆంటీ చేతిలో పెడతావు. పోయిన వారం పదకొండు నిమిషాలు మాట్లాడితే అందులో నీ మాటలు మూడు. మీ ఇంటి ఓనరమ్మ కోళ్ల సంగతులన్నీ నాకు తెలుసు, నీ మోకాలి సంగతి తెలియదు. అందుకని ఇక రాద్దామని కూర్చున్నాను. కాగితం అయితే నువ్వే చదవాలి, నువ్వే జవాబియ్యాలి.

ఒక పని పడింది. తొమ్మిదో తరగతికి నదుల పాఠం చెప్తున్నాను. నది పుట్టుక, ఉపనది, పరీవాహక ప్రాంతం అని నేను చదువుతూ పోతుంటే వెనక బెంచీ మొత్తం గోడకు ఆనుకుని నిద్రపోయింది. నవనీత అనే పిల్ల మాత్రం లేచి, "టీచర్, గీ నదులను మీరన్న చూసిండ్రా?" అని అడిగింది. నేను చూడలేదు. కూర్చో అన్నాను.

సెప్టెంబరులో మండలం టీచర్ల మీటింగులో నేను ఒక నమూనా పాఠం చూపించాలి. హెడ్‌మాస్టర్ గారు రోజూ అడుగుతున్నారు. నాకు తోచింది ఇది. నా క్లాసులో ముప్పై ఒక్కమంది. అందులో పందొమ్మిది మంది అమ్మానాన్నలు మీ వైపే ఉన్నారు. ఒకరు స్లాబు పనిలో, ఒకరు హౌస్‌కీపింగ్‌లో, ఒకరు క్యాబు మీద. నవనీత వాళ్లమ్మ మాదాపూర్‌లో ఆఫీసు అద్దాలు తుడుస్తుంది. వాళ్లుండే చోటును పటం మీద చూపిస్తే ఈ పిల్లలు నిద్రపోరు.

నువ్వు కాపలా కాసే గేటు వెనక వాగు ఉందని ఒకసారి అమ్మతో అన్నావట. అది ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది, ఒడ్డున ఏమేం ఉన్నాయి, నాకు రాయి తాతా. నువ్వు రోజూ చూసేదే కదా.

నీ మనవరాలు,
కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
6 జూలై

బిడ్డ కెజియాకు,

తాత ఇస్సాకు రాసేది. ఒళ్లు బాగుంది. మోకాలు బాగాలేదు.

నేను ఊరి బడిలో ఏడు దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకో.

వాగు సంగతి అడిగావు. ఇంకేదైనా అడిగి ఉంటే బాగుండేది. దాన్ని చూడాలంటే ముక్కు మూసుకోవాలి. ముక్కు మూసుకుంటే నోట్లోకి వస్తుంది ఆ వాసన.

నాది మూడో నంబరు గేటు. వెనక గేటు. ముందు గేటులో కార్లు, పూలకుండీలు. నా గేటులో చెత్త బండి, నీళ్ల ట్యాంకరు, క్యాంటీను సామాను. మధ్యాహ్నం అయ్యాక క్యాంటీను నుంచి డ్రమ్ములు వస్తాయి. ఒక్క ముద్ద తిని వదిలేసిన అన్నం. చెయ్యి పెట్టని రొట్టెలు. రోజూ ఆరు డ్రమ్ములు. మూత తీసి చూసి గేటు తెరవడం నా డ్యూటీ. చూసి చూసి నాకు అన్నం మీద ఎగటు పుట్టింది. రెండు పూటలా జొన్న రొట్టె తింటున్నాను.

గోడకు అవతల వాగు. నల్లగా ఉంటుంది. మీద తెల్లటి నురుగు. గాలి లేస్తే ఆ నురుగు ముక్కలు ముక్కలుగా ఎగిరి వచ్చి నా కుర్చీ మీద పడుతుంది. ఇరవై రెండు అంతస్తుల వాళ్లకు ఇది తెలియదు. వాళ్ల కిటికీలు తెరుచుకోవు.

మెయింటెనెన్సు చూసే మేనేజర్ ప్రవీణ్ సార్, ముందు హాల్లో సెంటు కొట్టిస్తాడు. వాసన ఎక్కడిదని ఎవరైనా అడిగితే "బస్తీది" అంటాడు. బస్తీ అంటే మా మల్లమ్మ ఇల్లు, దాని వరసలో ఇంకో నాలుగు. అందులో వెనక గది నాది, కిరాయికి. మాది కాదు సార్ ఆ వాసన అని నేను అనలేదు. ఆరేళ్లలో ఆయనతో నేను అన్నది నమస్తే సార్ ఒక్కటే.

పిల్లలకు ఈ వాగు చెప్పకు. గంగానది చెప్పు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
తాత

*

కోస్గి,
13 జూలై

తాతా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. కోపం తెచ్చుకోకు. ఎవరూ నిద్రపోలేదు. నురుగు ఎగిరి కుర్చీ మీద పడుతుందని చదవగానే వెనక బెంచీ ముందుకొచ్చింది. "అది మా అమ్మ అద్దాలకు కొట్టే సబ్బేనా టీచర్?" అని నవనీత అడిగింది. టీచరైన తర్వాత నాకు ఇష్టంగా తోచిన మొదటి గంట అది.

గంగానది వద్దు. ఈ వాగే కావాలి. పాఠం ఇలా అనుకున్నాను: మొదటి రోజు నీ ఉత్తరం, రెండో రోజు నీ మ్యాపు, మూడో రోజు బడి వెనక మట్టి పోసి వాలు చేసి, బకెట్‌తో నీళ్లు వదిలి, అగ్గిపుల్లలు తేలేసి ఎటు పోతాయో చూడటం. హెడ్‌మాస్టర్ గారు బకెట్‌కు ఒప్పుకున్నారు, అగ్గిపెట్టెకు ఒప్పుకోలేదు. పుల్లలు విడిగా తెస్తాను.

కాబట్టి నువ్వు మ్యాపు గీయాలి. అందంగా అక్కర్లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఉత్తరం పైన ఉండాలి. పైన లేకపోతే పిల్లలు తికమకపడతారు. మీటింగుకు వచ్చే సార్లు కూడా మొదట చూసేది అదే.

కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
20 జూలై

బిడ్డకు,

ఈ ఆదివారం ప్రార్థనకు పోలేదు. నీ వాగు వెంట పోయాను. దేవుడు ఏమనుకున్నా సరే, ఆయన కూడా ఒకసారి ఇటు వచ్చి చూడాలి.

మా టవరు గోడ దగ్గర మొదలుపెట్టాను. గోడ కింద ఒక పైపు ఉంది. మనిషి కూర్చునేంత. మధ్యాహ్నం పూట దాంట్లోంచి నీళ్లు దూకుతాయి. నురుగు అక్కడే పుడుతుంది. గేటు లోపల నా కుర్చీ పక్కన ఒక ఇనప మూత ఉంది. ఆ నీళ్లు దాని కిందనుంచే పోతాయి. ఆరేళ్లుగా ఆ చప్పుడు వింటున్నాను. మంచినీళ్లు అనుకున్నాను. ఎంత తెలివి తక్కువ మనిషినో చూడు.

పైపు దాటి పోతే ఒడ్డంతా కవర్లు. మెడలో వేసుకునే ఆఫీసు కార్డులు. ఒక దండ, అందులో పూలు ఇంకా వాడలేదు. ఉబ్బిన పంది ఒకటి. దాని మీదుగా దాటాను. ఇంకా పోతే మా బస్తీ, మల్లమ్మ ఇల్లు, చిన్న వంతెన. ఆ తర్వాత వాగు పెద్ద రోడ్డు కిందికి దూరిపోతుంది. అక్కడ ఒకతను కారు ఆపి వాగులోకి ఒంటేలు పోస్తున్నాడు. నన్ను చూసి "క్యా దేఖ్రా?" అన్నాడు, ఏం చూస్తున్నావని. తల వంచుకుని వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి నాలుగుసార్లు కాళ్లు కడుక్కున్నాను. వాసన పోలేదు.

మ్యాపు గీశాను. నా కుర్చీ పొద్దు పొడిచే వైపుకు ఉంటుంది. అట్లా కూర్చుని, కళ్ల ముందు ఎట్లా ఉందో అట్లా గీశాను. టవరు నా దగ్గర, బస్తీ నాకు దూరం. టవరు దగ్గర మీద అని, బస్తీ దగ్గర కింద అని రాశాను. నీలం పెన్సిలు లేదు. మల్లమ్మ పొయ్యి బొగ్గుతో వాగు గీశాను. రంగు సరిగ్గా కుదిరింది.

ఉత్తరం పైన ఉండాలన్నావు. పైనే పెట్టాను. ఊడకుండా దారంతో కుట్టాను.

తాత

*

కోస్గి,
2 ఆగస్టు

తాతా,

మ్యాపు అందింది. ఇంత బాగా గీస్తావని ఎవరికీ చెప్పలేదేం? ఉత్తరం పైన పెట్టానని నువ్వు రాశాక నాకు ఇంక బెంగ లేదు. దాన్ని చూసి నేను పెద్ద చార్టు మీద సాపుగా గీశాను. వాగు కాబట్టి నీలం వేశాను. పటాల్లో నీళ్లకు నీలమే తాతా, అది నియమం.

రెండు చిన్న తప్పులు దిద్దాను. కాగితం పై భాగంలో బస్తీ దగ్గర 'కింద' అని, అడుగున టవరు దగ్గర 'మీద' అని రాశావు. అలిసిపోయి రాసినట్టున్నావు. మార్చేశాను. మీద నుంచి కిందికి బాణం గుర్తు కూడా పెట్టాను. టవరు దగ్గర ఒక బొగ్గు మరక ఉంటే దాన్ని తీసేశాను.

దాని చిన్న కాపీ నీకు పంపుతున్నాను. ప్లాస్టిక్ అట్ట వేయించాను, వానకు తడవదు. కింద నా సంతకం, బడి ముద్ర ఉన్నాయి. నీ గేటు దగ్గర పెట్టుకో. నీ పేరు కూడా రాశాను: 'క్షేత్ర పరిశీలన: ఇస్సాకు.'

కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
10 ఆగస్టు

బిడ్డకు,

బొమ్మ అందింది. గేటు గదిలో మేకుకు తగిలించాను. నా పేరు చూసుకున్నాను. మంచిగా రాశావు.

నీలం నాకు నచ్చలేదు. ఆ బొమ్మలో వాగు చూస్తే దాహం వేస్తుంది. తల తిప్పితే అసలుది.

మీద, కింద మార్చావు. నువ్వు చదువుకున్నదానివి. కాగితం మీద అట్లాగే రాస్తారేమో అనుకున్నాను.

మా షిఫ్టు ఇన్‌ఛార్జి శ్రీను దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి వాళ్ల గ్రూపులో వేశాడు. మర్నాడు ప్రవీణ్ సార్ నా గేటుకు వచ్చాడు. ఆరేళ్లలో మొదటిసారి. "ఏందయ్యా ఇస్సాకు, నీ మనుమరాలు గవర్నమెంట్ టీచరా? మస్తు గీసింది" అన్నాడు. మ్యాపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత బడి ముద్ర దగ్గరికి వంగి చూశాడు. పోతూ పోతూ నా భుజం తట్టాడు. నాకు సంతోషం వేసింది. ఇంటికి పోయాక ఆ సంతోషం ఎందుకో ఎగటుగా తోచింది.

తాత

*

నానక్‌రామ్‌గూడ,
20 ఆగస్టు

కెజియాకు,

వాగు వాసన మీద పై ఆఫీసుల వాళ్లు కార్పొరేషన్‌కు అర్జీ పెట్టారట. దానికి మా టవరు ఒక జవాబు రాసింది. వాగు మీది భాగంలో బస్తీ ఉంది, ఆ ఇళ్ల మురుగు కిందికి పారి టవరు దాకా వస్తుంది, కాబట్టి ఆ అయిదు ఇళ్లు తీసేయాలి అని. జవాబుకు నీ మ్యాపు జతచేశారు. ప్రభుత్వ బడి ముద్ర ఉంది కదా.

నిన్న బస్తీలో కాగితం అంటించారు. మల్లమ్మ దాన్ని చింపి, మ్యాపు ఉన్న ముక్కను పట్టుకుని నా గదికి వచ్చింది. "ఇస్సాకన్నా, నువ్వు చదువుకున్నోనివి. జర చెప్పు. నా ఇల్లు టవరుకు మీదుందా కిందుందా? నీళ్లు ఎన్నడన్న మీదికి పారినయా? ఏ గుడ్డోడు గీసిండు గీ బొమ్మ?" అంది.

ఆ ముక్కలో నా పేరు చిరిగి సగమే మిగిలింది. ఆమెకు చదువు రాదు. నేను చెప్పలేదు.

"నలభై ఏండ్ల సంది గీడనే ఉన్న. మా ఆయన కట్టిన ఇల్లు. తీసేస్తే ఏడికి పోవాలె, నీ టవరు ఇరవయ్యో అంతస్తుకా?" అంది. అన్నాక ఆమే నాకు చాయ్ ఇచ్చి పోయింది.

సెప్టెంబరు పదకొండు, గురువారం మధ్యాహ్నం ఇంజనీర్ మేడం వచ్చి చూస్తుంది. ఆ తర్వాత ఇళ్లు ఉంటాయో లేదో చెప్తుంది.

నీ మ్యాపు తప్పు.

ఇస్సాకు

*

కోస్గి,
24 ఆగస్టు

తాతా,

'తాత' అని కాకుండా 'ఇస్సాకు' అని సంతకం పెట్టావు. అది చదివాక మిగతాది రెండోసారి చదవలేకపోయాను.

నా మ్యాపు తప్పా? ఉత్తరం పైన పెట్టానని నువ్వే రాశావు. కుట్టాను అని కూడా రాశావు. నేను దాన్ని నమ్మి గీశాను. ఇప్పుడు ఫోన్‌లో పైనుంచి తీసిన బొమ్మ చూశాను. బస్తీ టవరుకు ఉత్తరాన లేదు, తూర్పున ఉంది. నువ్వు గీసిన కాగితంలో పైనున్నది తూర్పు. ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే నేను దేన్నీ మార్చేదాన్ని కాదు.

పైగా నేను మార్చింది నీకు అప్పుడే తెలిసింది. ఆగస్టు పదిన "కాగితం మీద అట్లాగే రాస్తారేమో" అని రాసి ఊరుకున్నావు. రోజూ ఆ వాగు చూసేవాడివి. ఫోన్‌లో మాట్లాడవు, సరే. తప్పు కళ్ల ముందు ఉన్నప్పుడు కూడా మాట్లాడవా? మల్లమ్మ ఆంటీకి నా పేరు చెప్పలేదంటే నన్ను కాపాడావా, నిన్ను కాపాడుకున్నావా?

మండలం మీటింగులో నేను ఈ మ్యాపు చూపించబోతున్నాను. పిల్లలకు ఏం చెప్పను?

కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
28 ఆగస్టు

బిడ్డకు,

ఉత్తరం పైనే పెట్టాను. మ్యాపు కింద పెట్టాను. మధ్యలో జరగకుండా తెల్ల దారంతో నాలుగు కుట్లు వేశాను. నువ్వు విప్పేటప్పుడు చూసి ఉంటావు. ఇంతకన్నా పైన ఎట్లా పెట్టాలో నాకు తెలియదు. ఇది కూడా పైనే పెట్టి పంపుతున్నాను. కింద ఏమీ లేదు, ఖాళీ కాగితం.

మాకు మీద అంటే నీళ్లు వచ్చే వైపు. కింద అంటే పోయే వైపు. కాగితానికి మీద, కింద ఉంటాయని నేను అనుకోలేదు. కాగితం ఎటు తిప్పినా వాగు తిరగదు కదా.

నువ్వు అడిగిన దానికి జవాబు: నన్ను నేనే కాపాడుకున్నాను.

మార్చింది తప్పని ఆ రోజే తెలుసు. ఆ మరక మరక కాదు, పైపు. అదీ తెలుసు. రాయలేదు. నా మనవరాలు దిద్దింది, ముద్ర వేసింది, నేనెవరిని అనుకున్నాను. ఇన్నేళ్లూ అట్లాగే ఉన్నాను. డ్రమ్ములో అన్నం చూశాను, ఊరుకున్నాను. పైపు చూశాను, ఊరుకున్నాను. బస్తీది ఆ వాసన అంటే విన్నాను, ఊరుకున్నాను. వాగును చూసి ముఖం తిప్పుకుంటాను కానీ, ఇప్పుడు అద్దంలో గడ్డం గీసుకోవాలంటే కూడా అదే ఎగటు.

మల్లమ్మకు నిన్న చెప్పేశాను. బొమ్మ మాది అని. ఆమె చేతిలోని గింజల చాట కింద పెట్టింది. ఆ తర్వాత "మీ తాతమనుమరాలు ఇద్దరూ కలిసి నా కొంప ముంచిండ్రు పో" అంది. ఇవాళ చాయ్ ఇవ్వలేదు.

తాత

*

కోస్గి,
2 సెప్టెంబరు

తాతా,

నాలుగు కుట్లు. నేను కత్తెరతో కత్తిరించి పారేశాను వాటిని. ఎందుకు కుట్టావో కూడా ఆలోచించలేదు.

నేను అడిగింది ఉత్తర దిక్కు. నువ్వు పెట్టింది రాసిన ఉత్తరం. రెండూ ఒకటే మాట. నాకు చదువుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇది చదివి స్టాఫ్ రూములో ఒక్కదాన్నే నవ్వాను. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. లెక్కల సార్ తలుపు దగ్గరదాకా వచ్చి వెనక్కి పోయారు.

తప్పు నాది. తూర్పును ముందు పెట్టుకుని గీసినవాడికి తూర్పే పైన ఉంటుంది. వాగు గీసినవాడిని అడగకుండా వాగును తిప్పేశాను. ఆగస్టు ఇరవై నాలుగున రాసిన మాటలకు నన్ను క్షమించు.

పిల్లలకు అంతా చెప్పాను. దాచలేదు. టీచరు తప్పు చేసిందని తెలిసి వాళ్లకు ఒకటే ఉత్సాహం. ఇంజనీర్ మేడమ్‌కు సరైన మ్యాపుతో, నా సంతకంతో ఇంకో కాగితం పంపుతానన్నాను. అప్పుడు నవనీత లేచింది. "టీచర్, ఒకసారి కాగితమే తప్పు చెప్పింది. మళ్ల కాగితమిస్తే ఆమె ఎట్ల నమ్ముతది? అగ్గిపుల్లలేసినట్లు అక్కడ కూడ ఏస్తే?" అంది. పుల్లలు ఆ నురుగులో కనబడవు అని ఇంకొకడు. అప్పుడు అందరూ కలిసి మక్కజొన్న బెండ్లు అన్నారు. గింజలు ఒలిచేసిన ఎండు బెండ్లు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నాయి, మునగవు.

ఈ మూటలో ముప్పై ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కరు తమ హాజరు నంబరు ఎర్ర రంగుతో వేశారు. నవనీతది పదిహేడు. ఆమె రెండు పక్కలా వేసింది, బోర్లా పడినా కనబడాలని.

పదకొండున, గురువారం మధ్యాహ్నం నీ కుర్చీ పక్కన మూత తీసి ఇవి వేస్తే చాలు. నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు తాతా. వేస్తే నీ ఉద్యోగం ఉండకపోవచ్చని నాకు తెలుసు. వేయకపోయినా నేను ఏమీ అనను. పిల్లలకు నేను చెప్పుకుంటాను.

నా కాగితం కూడా మేడమ్‌కు పంపాను. అందులో ఉత్తర దిక్కు ఎటో రాశాను.

నీ కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
13 సెప్టెంబరు

బిడ్డ కెజియాకు,

ఇంత పెద్ద ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. చెయ్యి నొస్తోంది.

గురువారం మూట తీసుకుని డ్యూటీకి పోయాను. పోయేవాళ్ల సంచులు, వచ్చేవాళ్ల సంచులు చూసేది నేనే. నా సంచి ఎవరూ చూడరు. కుర్చీ కింద పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత క్యాంటీను డ్రమ్ములు వచ్చాయి. అదే అన్నం. మూత కింద చప్పుడు మొదలైంది. ఇంజనీర్ మేడం కారు బస్తీ వైపు పోయింది. ప్రవీణ్ సార్ నీ పాత మ్యాపు ప్లాస్టిక్ అట్టతో సహా చేతిలో పట్టుకుని వెనకే పోయాడు. నా మేకుకు తగిలించిందే. అడగలేదు, తీసుకుపోయాడు.

గునపంతో మూత లేపాను. ఆవిరి ముఖానికి కొట్టింది. కుళ్లు, సబ్బు, క్యాంటీను నూనె కలిసిన వాసన. వాంతి అయింది. తుడుచుకుని ఒక్కొక్కటీ వేశాను. గంపగుత్తగా వేయలేదు. ఒక్కో పిల్లది కదా. నంబరు చదివి వేశాను. శ్రీను వచ్చి "ఏం జేస్తున్నవ్ పెద్దాయనా, పిచ్చి లేసిందా?" అన్నాడు. ముప్పై ఒకటి అయ్యేదాకా జవాబు చెప్పలేదు. ఆ తర్వాత గేటు తాళాలు అతని చేతిలో పెట్టి నడిచాను.

వాగు నేరుగా పోతుంది, నేను సందులో చుట్టూ తిరిగి పోవాలి. మోకాలు సంగతి తెలుసు కదా. నేను పోయేసరికి వంతెన మీద అందరూ కిందికి చూస్తున్నారు. మల్లమ్మ మోకాళ్ల దాకా ఆ మురుగులో దిగి ఉంది. "తొమ్మిది! పన్నెండు! గిదేందో ఇరవై ఎంతనో, చదువొచ్చినోళ్లు చెప్పుండ్రి!" అని అరుస్తోంది. ఆమెకు నంబర్లు ఎవరు నేర్పారో నాకు తెలియదు. కోళ్లను లెక్కపెట్టడానికి నేర్చుకుందట.

మేడం అడిగింది, "ఎక్కడివి ఇవి?" అని. ప్రవీణ్ సార్ "బస్తీ పిల్లలు ఆడుకుంటరు మేడం" అన్నాడు.

అప్పుడు నేను మాట్లాడవలసి వచ్చింది. నువ్వు అక్కర్లేదన్నావు. కానీ మాట్లాడకపోతే ఆ మాట కూడా బస్తీ మీదే పడుతుంది.

"నేనేసిన మేడం. టవరు లోపల మూత తీసి ఏసిన. నీళ్లు ఆడికెల్లి వస్తున్నయి. టవరు మీద. ఇల్లు కింద" అన్నాను.

"నువ్వెవరు?" అంది ఆమె.

"ఆ బొమ్మల పేరున్న ఇస్సాకును" అన్నాను.

ఆమె నీ పాత మ్యాపులో నా పేరు చూసింది. తన ఫైలులోంచి నీ కొత్త కాగితం తీసి పక్కన పెట్టి చూసింది. ఆ తర్వాత గేటు దాకా నడిచి వచ్చి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, తెరిచి ఉన్న మూతలోకి వంగి చూసింది. మా సార్లలో ఎవరూ అంత దగ్గరికి వచ్చి వంగలేదు. ఆమె కాగితంలో ఏదో రాసుకుంది. ఇళ్ల జోలికి ఎవరూ రారు అని మల్లమ్మతో అంది.

సాయంత్రం ప్రవీణ్ సార్ "రేపటి నుంచి రాకు" అన్నాడు. "నమస్తే సార్" అన్నాను. అలవాటు. అన్నందుకు ఇప్పటికీ చీదరగా ఉంది.

ముప్పై వచ్చాయని పిల్లలకు చెప్పు. ఒకటి రాలేదు. పదిహేడు.

తాత

*

కోస్గి,
18 సెప్టెంబరు

తాతా,

నీ ఉత్తరం మండలం మీటింగులోనే, మా పిల్లలను కూర్చోబెట్టి చదివాను. అదే నమూనా పాఠం. ఇంకేమీ చూపించలేదు.

నువ్వు బొగ్గుతో గీసిన మ్యాపునే తూర్పు వైపున్న పక్క గోడకు పెట్టాను, నేను గీసింది కాదు. ఒక సార్ లేచి, "అమ్మా, ఉత్తరం పైన లేదు. మొదటి నియమమే తప్పింది. తిప్పి పెట్టండి" అన్నారు. నేను జవాబు చెప్పేలోగా మా పిల్లలు లేచారు. మ్యాపును తిప్పలేదు తాతా. బెంచీలు తిప్పారు. ముప్పై ఒక్కమందీ తూర్పుకు తిరిగి, నీ కుర్చీ ఉన్నట్టే కూర్చున్నారు. "ఇప్పుడు సక్కగుంది సార్" అన్నారు. ఆ సార్ ఒక్కరే పడమటి వైపు ముఖం పెట్టుకుని మిగిలారు.

మార్కులు ఎన్ని వేస్తారో తెలియదు. వేయకపోయినా పరవాలేదు.

నీ ఉద్యోగం సంగతి తలుచుకుంటే నాకు తిండి సహించడం లేదు. ఇక్కడికి వచ్చెయ్. ఇల్లు చిన్నదే, ఇద్దరికి చాలు.

నవనీత రోజూ అడుగుతోంది. వాళ్లమ్మ ఆ వైపు ఉంది కాబట్టి, తన బెండు మాత్రం తప్పకుండా వస్తుందనుకుంది. దానికి ఏం చెప్పను?

కెజియా

*

నానక్‌రామ్‌గూడ,
25 సెప్టెంబరు

బిడ్డ కెజియాకు,

నేను ఇప్పుడే రాను. నెల కిరాయి వద్దంది మల్లమ్మ. "నీకాడ ఏం తీసుకోవాలె, వాసన పీల్చినందుకు నేనే ఇయ్యాలె" అంది. చాయ్ మళ్లీ ఇస్తోంది. కోళ్లకు గింజలు వేసే పని నాకు పెట్టింది.

టవరు వాళ్లు పైపుకు ఇనప జాలీ బిగించారు. ఇప్పుడు బెండ్లు రావు. నీళ్లు వస్తూనే ఉన్నాయి. అదే నలుపు, అదే నురుగు. మేడం మళ్లీ వస్తుందంటున్నారు. వచ్చిందాకా నమ్మను. నిన్న సెంటు డబ్బాలు ఒక బండెడు దిగాయట, శ్రీను చెప్పాడు. వాగుకు ఏమీ కాలేదని నీ పిల్లలకు చెప్పు. దాచకు.

పదిహేడు సంగతి. వాగు వెంట పెద్ద రోడ్డు దాకా రెండుసార్లు పోయి వెతికాను. లేదు. నిన్న వాన పడితే మల్లమ్మ ఇంట్లో కూర్చున్నాను. దర్వాజా మీద, పసుపు పూసిన చోట, మేకుకు దారంతో కట్టి ఉంది. రెండు పక్కలా పదిహేడు.

అన్నిటికన్నా ముందు వచ్చింది అదేనట. దాన్ని పట్టుకోవడానికే ఆమె నీళ్లలోకి దిగింది. కొంగులో దాచుకుంది. పిల్లకు పంపాలి, ఇయ్యి అన్నాను.

"ఇయ్య. మళ్ల ఎవడన్న కాగితం పట్కొని అచ్చి నా ఇల్లు మీదుందంటే, గిదే సూపెడ్త" అంది.

నవనీతకు చెప్పు. నీ బెండు పోలేదు. నా కొలువు దానికి ఇచ్చారు. ఇంటికి కాపలా ఉంది.

నీ తాత

ఖాళీ కాగితం కింద పెట్టాను. పిల్లలను వాళ్ల వాగు గీయమను. బొగ్గు వాడమను. ఎటు తిరిగి కూర్చున్నారో ముందు అడుగు.